కెటిల్ పెట్టే చోటు

మా బావకి న్యాయంగా మాట్లాడటం చేతకాదని లాలాగూడలో అందరికీ తెలుసు. అందుకే ఆయన్ని ఏరికోరి పంపారు.

బావ అంటే నా మొగుడే, శ్రీశైలం. మేనమామ కొడుకు కాబట్టి పెళ్ళికి ముందు ఎలా పిలిచేదాన్నో ఇప్పుడూ అలాగే పిలుస్తాను. ఉద్యోగం రైల్వే వర్క్‌షాపులో, బోగీల కింద చక్రాలు బిగించడం. మిగతా ప్రాణమంతా ఇంగ్లండులో ఎర్రచొక్కాలు వేసుకుని ఆడే ఒక ఫుట్‌బాల్ క్లబ్బు మీద. పేరు చెబితే కొత్త గొడవలు వస్తాయి, చెప్పను. నాకు మొదటినుంచీ వాళ్ళు ఎర్రచొక్కాలు, బావ స్నేహితుడు ఆంథొనీ వెంటపడే స్పెయిన్ వాళ్ళు తెల్లచొక్కాలు. అంతకుమించి తెలుసుకోవాలని ఏనాడూ అనిపించలేదు.

మా క్వార్టర్ల చివర టీవీ ఉన్న గది ఒకటి ఉంది. అందులో ఒకటే పొడుగు బల్ల. ఎడమకొసన ఎర్రవాళ్ళు, కుడికొసన తెల్లవాళ్ళు, నడుమ టీ కెటిల్. ఆ గదిలోకి ఎవరొచ్చినా ముందు అడిగేది పేరు కాదు, "ఎటు దిక్కు?" అని. మ్యాచ్ ఇటలీవాళ్ళకీ జర్మనీవాళ్ళకీ జరుగుతున్నా సరే, ఎటో ఒక దిక్కు చెప్పాల్సిందే. చెప్పనివాడికి టీ ఇస్తారు గానీ కూర్చోనివ్వరు. యూరప్ కప్పు మ్యాచులు మనకి అర్ధరాత్రి వస్తాయి కాబట్టి, మర్నాడంతా ఫోన్లు ఆపేసుకుని, పేపరు కూడా తిప్పకుండా, సాయంత్రం అందరూ కలిసే చూసేవాళ్ళు. ముందే ఫలితం తెలుసుకుని వచ్చినవాడితో నెల్లాళ్ళు మాట్లాడేవాళ్ళు కాదు. ఆ పట్టుదల ఇంట్లో పాలప్యాకెట్ తేవడంలో చూపిస్తే బాగుండేదని నేను అనేదాన్ని.

బావకీ ఆంథొనీకీ మధ్య ఒక పాత పెనాల్టీ ఉంది. ఎర్రచొక్కావాడి చేతికి బంతి తగిలిందని తెల్లచొక్కాలకి రెఫరీ ఇచ్చాడు. దానితో కప్పు పోయింది. చెయ్యి వెళ్ళి బంతికి తగిలిందా, బంతి వచ్చి చేతికి తగిలిందా, ఇదీ తగాదా. అగ్గిపెట్టెని ఆటగాడిగా, బెల్లంముక్కని బంతిగా పెట్టి బల్ల మీద ఎన్నిసార్లు ఆడించారో లెక్కలేదు. మా కూతురు మనస్వి పుట్టకముందు మొదలైన తగాదా, దానికి ఓణీలు వేసే ఈడు వచ్చినా తెగలేదు. ఆంథొనీ మా ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "ఏం శ్రీశైలం, ఒప్పుకుంటవా ఇయ్యాలన్న?" అనేవాడు. "చచ్చినా ఒప్పుకోను," అని లోపలినుంచి బావ. నేను టీ పెట్టేదాన్ని.

అప్పుడే తార్నాకలోని ఒక ల్యాబువాళ్ళు మనుషుల కోసం వెతుకుతున్నారని తెలిసింది. యూరప్‌లో రెఫరీల మీద బూతులు, బెదిరింపులు ఎక్కువై, వీడియో చూసి చెప్పేవాళ్ళని కూడా ఎవరూ నమ్మకపోయేసరికి, అక్కడి పెద్దలు కొత్త దారి పట్టారు. తలకి ఒక టోపీ పెడతారు. అది పెట్టుకున్నంతసేపూ మనిషికి ఎవరి మీదా మొగ్గు ఉండదు. వివాదం వచ్చినప్పుడు అలాంటి మనుషులు ఎక్కడెక్కడో కూర్చుని తీర్పు చెబుతారు. పరీక్షకి మాత్రం మామూలు మనుషులు పనికిరారు, పచ్చి అభిమానులే కావాలన్నారు. మొండివాడి మీద పనిచేస్తేనే కదా అందరి మీదా పనిచేసినట్టు.

బల్ల మీద పెద్ద చర్చే జరిగింది. తెల్లవాళ్ళు ఆంథొనీని పంపుదామనుకుంటే రక్తపోటు ఉందని ల్యాబువాళ్ళు వద్దన్నారు. ఎర్రవాళ్ళు బావని పక్కకి పిలిచి చెప్పారు, "టోపీ పెట్టనియ్. పైకి ఊ అను. లోపట మాత్రం ఎర్రగనే ఉండు. ఒక్క పెనాల్టీ మనకిచ్చినా చాలు." బావ నవ్వి, "నా నెత్తి మీద ఏ టోపీ పనిజేస్తదిరా," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ నవ్వొచ్చింది. ఏ టోపీ అయినా మా బావని మార్చగలదని నేనూ అనుకోలేదు.

నన్ను ఇంటి సాక్షి అన్నారు. వారానికోసారి ఆయనతో వెళ్ళి, ఇంట్లో ఎలా ఉంటున్నాడో చెప్పాలి. డాక్టర్ సుచరిత అని, నా వయసే ఉంటుంది, మెల్లగా మాట్లాడే మనిషి. మొదటిరోజు నన్ను కూడా కూర్చోబెట్టి ఒక వీడియో వేసింది. గోలు దగ్గర ఎర్రచొక్కావాడు కింద పడ్డాడు.

"పెనాల్టీ," అన్నాడు బావ, వాడింకా నేల మీద పడకముందే.

ఆమె తల ఊపి ఇంకో వీడియో వేసింది. ఈసారి తెల్లచొక్కావాడు పడ్డాడు.

"ఉత్త యాక్టింగు. ఎల్లో కార్డు ఇయ్యాలె."

"రెండూ ఒకటే వీడియో అండీ," అంది డాక్టర్. "కంప్యూటర్లో చొక్కాల రంగులు మార్చాను, అంతే."

బావ మొహం చూడాలి. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. తర్వాత టోపీ పెట్టారు. ఈత కొట్టేవాళ్ళు పెట్టుకునేలాంటిది, చుట్టూ వైర్లు. కాసేపాగి అవే రెండు వీడియోలు వేశారు. బావ కదలకుండా చూశాడు. "కాలు తగిలింది. రెండుసార్లు పెనాల్టీయే," అన్నాడు. ఆ గొంతులో ఏదో తక్కువైంది. ఉప్పు లేదని చెప్పలేం, ఉందనీ చెప్పలేం, అలా ఉంది.

"కళ్ళు సరిగ్గా చూడకముందే మనసు ఒకవైపు ఒరుగుతుంది," అని డాక్టర్ నాకు చెప్పింది. "ఈ టోపీ ఆ ఒరగడాన్ని నిద్రపుచ్చుతుంది. తీసేస్తే లేస్తుంది."

"లేవకపోతే?"

"ఇప్పటిదాకా అందరికీ లేచింది."

బావకీ లేచింది, మొదట్లో. టోపీ తీసి తార్నాక నుంచి ఆటో ఎక్కగానే ఎర్రచొక్కాల గురించి మొదలుపెట్టేవాడు. వారాలు గడిచేకొద్దీ ఆటోలో మాటలు తగ్గాయి. అలసట అనుకున్నాను.

ఒక శనివారం సాయంత్రం అసలైన మ్యాచుకి ఆయన్ని కూర్చోబెట్టారు. ఎర్రచొక్కాల ఆటే, తీర్పు ఆయనదేనని మా క్వార్టర్లలో అందరికీ తెలుసు. ఇక్కడ టీవీ గదిలో బల్ల మీద జనం కిక్కిరిసి ఉన్నారట. ఆట ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా ఎర్రచొక్కాలు గోలు కొట్టారు. బంతి కొట్టినవాడి మోచేతికి రాసుకుని వెళ్ళిందేమోనని అనుమానం. ల్యాబులో గాజు అవతల నేను నిలబడి ఉన్నాను. బావ ఒక్కసారే చూశాడు. "చెయ్యి తగిలింది. గోలు లేదు." టీవీ మీద స్టేడియం అంతా లేచి అరుస్తోంది. బావ మంచినీళ్ళు అడిగి తాగాడు.

మేం ఇంటికి చేరేసరికి ఆంథొనీ గుమ్మంలో ఉన్నాడు. వచ్చి బావని వాటేసుకున్నాడు. "నువ్వు దేవునివిరా శ్రీశైలం. మీవాళ్ళకే గోలు ఆపినవ్."

"దేవుడేం లేదు. చెయ్యి తగిలింది, చెప్పిన." బావ చెప్పులు విప్పి పక్కన సర్దాడు. "అన్నట్టు ఆంథొనీ, ఆ పాతది కూడ పెనాల్టీయే. చెయ్యి బంతి మీదికి పోయింది. నువ్వు చెప్పిందే కరెక్టు."

ఆంథొనీ నవ్వాడు. బావ నవ్వలేదు. కాసేపటికి ఆంథొనీ నవ్వు కూడా ఆగిపోయింది.

"అట్లెట్ల ఒప్పుకుంటవ్?" అన్నాడు. "నా మీద కోపం వచ్చిందా ఏంది?"

"కోపమెందుకు? నువ్వన్నదే నిజం."

ఆంథొనీ నావైపు చూశాడు, నేనేదో చేశానన్నట్టు. టీ తాగి పొమ్మంటే మళ్ళీ వస్తానన్నాడు. రాలేదు. ఇన్నేళ్ళ తగాదాలో గెలిచిన మనిషి, సందు మలుపు తిరిగేదాకా వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు.

తర్వాతి శనివారం బావ బల్ల దగ్గరికి వెళ్ళి ఎడమకొసన తన చోట్లో కూర్చోబోయాడు. ఎర్రవాళ్ళు జరగలేదు. గోలు ఆపినందుకు కోపం ఉంది నిజమే, కానీ అది పైకోపం. తిడితే తిరిగి తిట్టి ఉంటే అక్కడే తెగిపోయేది. "ఎటు దిక్కు?" అని అడిగారు. "ఎవరు మంచిగ ఆడితే వాళ్ళ దిక్కు," అన్నాడు బావ. ఆ మాట విని ఎవరూ గొడవ చెయ్యలేదు. కుర్రాళ్ళు టీవీ వైపు తిరిగిపోయారు. బావ ఆట అయ్యేదాకా బల్ల నడుమ కెటిల్ దగ్గర నిలబడి, ఖాళీ అయిన గ్లాసుల్లో టీ పోస్తూ ఉన్నాడట. అటు వాళ్ళకీ ఇటు వాళ్ళకీ సమానంగా. ఈ సంగతి ఆంథొనీ భార్య చెబితే తెలిసింది. ఆవిడ నవ్వుతూనే చెప్పింది.

ఇంట్లో ఇంకో రకం. అత్తమ్మ ఎండబెట్టిన వడియాలు వానకి తడిశాయి. నేను చూసి కూడా తియ్యలేదని ఆవిడ గోల. పాత బావ అయితే అత్తమ్మ ముందు "దానికి బుద్ధి లేదు తియ్యి అమ్మా" అనేవాడు, వంటింట్లోకి వచ్చి "ముసల్దానికి పనిలేదు, నువ్వు మనసుల పెట్టుకోకు" అనేవాడు. ఇద్దరికీ సంతోషం. రెండు నాలుకల మనిషని నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఈసారి మాత్రం మా ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగాడు. మబ్బు ఎప్పుడు పట్టింది, ఎవరు ఎక్కడున్నారు, ఎండబెట్టినట్టు అమ్మ చెప్పిందా లేదా. అన్నీ విని "రజిత తప్పేం లేదు. చెప్పకుంటే ఎట్ల తెలుస్తది?" అన్నాడు. పెళ్ళయినప్పటినుంచీ అత్తమ్మ ముందు నేను గెలవడం అదే మొదటిసారి. ఆవిడ తినకుండా వెళ్ళి పడుకుంది. నాకూ ముద్ద దిగలేదు. నా వైపు నిలబడి కాదు కదా ఆయన ఆ మాట అన్నది. నా చోట్లో పక్కింటామె ఉన్నా అదే అనేవాడు. చొక్కా రంగు మార్చినా ఒకటే తీర్పు.

అవన్నీ ఓర్చుకోవచ్చు. మనస్వి సంగతే ఓర్చుకోలేకపోయాను.

మనస్వి స్కూలు జట్టులో కుడివైపున ఆడుతుంది. తండ్రి నేర్పిన ఆటే. ఇదివరకు దాని మ్యాచ్ ఉందంటే బావ సెలవు పెట్టి గీత పక్కన నిలబడి, రెఫరీ వంశాన్నంతా తలుచుకునేవాడు. "డాడీ, నువ్వు రాకు. అందరు నవ్వుతున్నరు," అని అది కాళ్ళావేళ్ళా పడేది. ఆ రోజు గోలు దగ్గర అవతలి పిల్ల అడ్డం వచ్చి ఇది పడింది. రెఫరీ విజిల్ వెయ్యలేదు. అలవాటు కొద్దీ మిగతా తల్లిదండ్రులు బావ వైపు చూశారు, ఇప్పుడు మొదలెడతాడని.

"ఫౌల్ కాదు," అన్నాడు బావ, అందరికీ వినబడేలా. "ఆ అవతలి పిల్ల కాలు ముందే ఎనక్కి గుంజుకుంది."

మనస్వి లేవబోతూ ఆగి, గీత వైపు చూసింది.

ఇంటికొచ్చాక బూట్లు కూడా విప్పకుండా ఆయన ముందు నిలబడింది. "నేను కావాలని పడ్డ అంటున్నవా డాడీ?"

"కావాలని అనలే బిడ్డా. ఆమె కాలు నీకు తగలలే అన్న."

"మరి ఇదేంది?" అని మోకాలు చూపించింది. తోలు లేచి రక్తం కట్టి ఉంది.

బావ వంగి చూశాడు. "నేలకి తగిలి పగిలింది," అన్నాడు. డెటాల్ తెచ్చి, దూది ముంచి, చాలా శ్రద్ధగా తుడిచాడు. మనస్వి ఏడుస్తూ ఉంది. మండుతోందా అని అడిగి, ఊదాడు. అది ఎందుకు ఏడుస్తోందో నాకు తెలుసు, దానికి తెలుసు. మా ఇద్దరి మధ్య కూర్చుని మోకాలికి కట్టు కట్టిన మనిషికి ఒక్కడికే తెలియదు. ఆ రోజునుంచి మ్యాచ్ ఉందని అది ఇంట్లో చెప్పడం మానేసింది. రాకు అని కూడా అనలేదు.

ల్యాబులో డాక్టర్ సుచరితకి అంతా చెప్పాను. ఆమె టోపీ అప్పటికే ఆపేసింది. ఎన్నో వారాలు ఆగి చూసింది. ఏమీ లేవలేదు. ఇప్పటిదాకా ఎవరికీ ఇలా జరగలేదని, ఇంత మొండిగా ఒకవైపు ఒరిగిన మనిషి కూడా ఇదివరకు రాలేదని అంది. మందులు వాడింది, బొమ్మలు చూపిస్తూ మెదడులో ఏం కదులుతుందో పరీక్షలు చేసింది. చివరికి నన్ను ఒక్కదాన్నీ పిలిచి కూర్చోబెట్టింది.

"ఎర్రచొక్కా చూపిస్తే ఏ కదలికా లేదండీ."

"నా ఫొటో చూపించారా?"

"చూపించాను."

"ఏమన్నా కదిలిందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మనస్విది?"

డాక్టర్ నా చెయ్యి పట్టుకుంది. "మిమ్మల్ని బాగా చూసుకోవాలన్న బుద్ధి ఆయనలో అలాగే ఉంది," అంది. "మంచితనం ఎక్కడికీ పోలేదు. నేను నిద్రపుచ్చింది మాత్రం..." అని ఆగిపోయింది. ఆమెని తిట్టాలనే వెళ్ళాను. ఆ మొహం చూశాక లేచి వచ్చేశాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బావ నా పక్కన కూర్చున్నాడు. "నీకు అన్యాయం జరిగింది రజితా," అన్నాడు. "నాకు తెలుస్తుంది." ఎవరో ఊరివాళ్ళ గురించి చెప్పినట్టే చెప్పాడు.

"నీకెట్లుంటది బావా, లోపట?"

కిటికీలోంచి బయటికి చూశాడు. "మ్యాచ్ చూస్తే అన్ని సాఫ్‌గ కనవడ్తయి. ఇంతకుముందు అంత మంచిగ ఎన్నడు కనవడలే. గెల్సినోళ్ళ సంబురం తెలుస్తది, ఓడినోళ్ళ బాధ తెలుస్తది. ఎవరి పక్కన పోయి కూసోవాల్నో తెలుస్తలేదు."

నేను ఆయన చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక్కి లాక్కోలేదు. అప్పుడు నాకు ఎంత ఏడుపొచ్చిందంటే, బస్సులో ఉన్నానని కూడా చూసుకోలేదు. పక్కనే ఉన్నాడు, మంచివాడుగానే ఉన్నాడు. అయినా నాకు ఎవరూ లేనట్టనిపించింది. ఆయనకీ ఎవరూ లేరు.

మనస్వి స్కూలు ఫైనల్‌కి వచ్చిందని ఆంథొనీ ద్వారా తెలిసింది. ఎండ వాలాక రైల్వే గ్రౌండులో ఆట. పిలవని పేరంటమే అయినా బావని తీసుకుని వెళ్ళాను. గీత పక్కన నిలబడ్డాం. అవతలి గీత దగ్గర అవతలి జట్టు పిల్లల అమ్మానాన్నలు. మనస్వి మమ్మల్ని చూసింది, చూడనట్టు పరిగెత్తింది.

ఆట సగం దాటాక అది బంతి తీసుకుని గోలు వైపు దూసుకెళ్ళింది. అవతలి పిల్ల జారుతూ వచ్చి బంతిని తన్నేసింది. మనస్వి ఎగిరి పడింది. రెఫరీ ఆడమని చెయ్యి ఊపాడు. ఫుట్‌బాల్ రాని నాకు కూడా కనబడింది, ఆ పిల్ల బంతినే తన్నింది. మనస్వి నేల మీద కూర్చుండిపోయింది. లేవలేదు. గీత వైపే చూస్తోంది. ఏ గొంతు వినబడకూడదని ఇన్నాళ్ళూ సిగ్గుపడిందో, ఆ గొంతు కోసం చూస్తోంది.

"రెఫరీ, కండ్లు కనవడ్తలేవా?" అని అరిచాను. జన్మలో ఎప్పుడూ అలా అరవలేదు. నా గొంతు గ్రౌండు సగానికి కూడా చేరలేదు.

"అది ఫౌల్ కాదు రజితా," అన్నాడు బావ మెల్లగా. "ఆ పిల్ల బంతినే తన్నింది."

"తెలుసు."

"తెలిసి ఎందుకు ఒర్లుతున్నవ్?"

"నా బిడ్డ బావా అది. నీ బిడ్డ. అటు చూడు, ఇంకా లేస్తలేదు. నీ దిక్కే చూస్తుంది."

బావ చూశాడు. మనస్విని చూశాడు. బంతి తన్నిన పిల్లని చూశాడు. అవతలి గీత దగ్గర ఆ పిల్ల తండ్రి కాబోలు, చప్పట్లు కొడుతున్న ఆయన్ని కూడా చూశాడు. నుదురు ముడతలు పడింది. రెండు వైపులా న్యాయం తూచుతున్నాడనుకున్నాను, అలాగే తూచుకుంటూ ఉండిపోతాడనుకున్నాను.

గీత మీదికి నడిచి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"రెఫరీ, అది ఫౌల్. నా బిడ్డని పడగొట్టింది. నీకు కండ్లు లేవా?"

అందులో కోపం లేదు. స్టేషన్లో రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పినట్టుంది. మాటలు మాత్రం పాతవే, ఒకటీ తప్పిపోలేదు. జనం తిరిగి చూశారు. రెఫరీ కూడా చూశాడు. మనస్వి కదలకుండా తండ్రినే చూసింది. మోసపోయే పిల్ల కాదది. ఆ గొంతు ఖాళీగా ఉందని దానికి తెలియకపోదు. కాసేపటికి లేచి, నిక్కరుకి అంటిన మట్టి దులుపుకుని, మా వైపు ఒక చెయ్యి ఎత్తి, మళ్ళీ పరిగెత్తింది.

బావ వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన మొహంలో ఏదన్నా కదిలిందేమోనని వెతికాను. ఏమీ లేదు. తెలియని ఊళ్ళో దారి అడిగే మనిషిలా నావైపు వంగాడు.

"సరిగ్గ ఒర్లిననా?"

"సరిగ్గనే ఒర్లినవ్ బావా."

తల ఊపాడు. కళ్ళు మనస్వి వెంటే తిప్పుతూ, చేతులు రెండూ నోటి దగ్గరికి ఎత్తడానికి సిద్ధంగా పెట్టుకున్నాడు.

"మళ్ళ ఎప్పుడు ఒర్లాల్నో జెర నువ్వే చెప్పు," అన్నాడు.